వరంగల్‌లో ఉండి ప్రపంచ సంబంధాల చరిత్ర రాయవచ్చా?

హనుమకొండలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్న మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఆధునిక ప్రపంచంలో దేశాల సరిహద్దులు దాటిన సంబంధాల గురించి మీ పాఠ్యాంశంలో ఉన్నదంతా అట్లాంటిక్ బానిస వ్యాపారం, మాంచెస్టర్ మిల్లులు, లండన్ బ్యాంకుల గురించే కదా, అటువంటి అంశం మీద వరంగల్‌లో కూర్చుని లఘు పరిశోధన చేయడం కుదురుతుందా అన్నది మొదటి ప్రశ్న. దీనికీ డిగ్రీలో చదివిన ప్రపంచ చరిత్రకూ తేడా ఏమిటన్నది రెండవది. లండన్ వెళ్లకుండా, ఫార్సీ రాకుండా ఆధారాలు ఎక్కడ దొరుకుతాయన్నది మూడవది. ఈ ప్రాంత చరిత్రను చాలా ఏళ్లు బోధించి, ఎందరో విద్యార్థుల పరిశోధనలను దగ్గరుండి చూసినవాడిగా నా సమాధానం ఇది: తప్పకుండా కుదురుతుంది. పైగా ఉత్తర తెలంగాణలో ఉన్నవారికి ఈ అంశంలో ఉన్నంత సామగ్రి చాలా ప్రాంతాలవారికి లేదు. కొంత వివరంగా చెబుతాను.

ముందు తేడా సంగతి. ప్రపంచ చరిత్ర పాఠ్యపుస్తకం సాధారణంగా దేశాలనూ నాగరికతలనూ వరుసగా పేర్చి, ఒక్కొక్క దాని కథ చెప్పుకుంటూ పోతుంది. దౌత్య చరిత్ర ప్రభుత్వాల మధ్య జరిగిన యుద్ధాలను, సంధులను చెబుతుంది. 1990ల నుంచి చరిత్రకారులు గట్టిగా చేపట్టిన ప్రపంచ సంబంధాల చరిత్ర అనే ఈ పద్ధతిలో మనం వెంబడించవలసింది సరిహద్దు దాటి పోయే మనిషిని, సరుకును, పెట్టుబడిని, విత్తనాన్ని, వైద్యాన్ని, ఆలోచనను. దక్కను, కోరమండల్ తీర ప్రాంతాల చరిత్ర మీద పనిచేసిన సంజయ్ సుబ్రహ్మణ్యం 1997లో ఒక వ్యాసంలో వేర్వేరు ప్రాంతాల చరిత్రలను ఒకదానితో ఒకటి ముడిపడినవిగా చదవాలని వాదించారు. ఒక చోట మార్పు పుట్టిందని, మిగిలిన ప్రపంచమంతా దానికి స్పందించిందని చెప్పే అలవాటును ఆ వాదం బలంగా ప్రశ్నించింది.

అయితే ఇందులో విద్యార్థులు తరచుగా పడే గుంట ఒకటి ఉన్నది. మన ఊరికీ దూరదేశానికీ సంబంధం ఉన్నదని చూపగానే పని అయిపోయిందనుకుంటారు. సంబంధం ఉండడం ఆధునిక కాలంలో వింత విషయం కాదు, లేని ఊరే అరుదు. ఆ సంబంధం ఎవరు పెట్టిన షరతుల మీద నడిచింది, దాని ఖర్చు ఎవరు భరించారు, లాభం ఏ ఊరికి చేరింది, అది ఎప్పుడు, ఎందుకు తెగిపోయింది అన్న ప్రశ్నలే మీ పరిశోధనకు ప్రాణం. కింద చెప్పబోయే ఉదాహరణలన్నింటినీ ఈ ప్రశ్నలతోనే చదవమని కోరుతున్నాను.

మొదట కోనసముద్రం. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని ఈ ఊరు మూసలలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలలో, కాచి తీసే ఉక్కుకు ఒకప్పుడు పశ్చిమాసియా దాకా ప్రసిద్ధి పొందింది. విలియం లాంబ్టన్ నాయకత్వంలో దేశాన్ని కొలిచిన త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఇక్కడికి వచ్చి, ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసుకున్న వివరం ఆయన 1824లో మరణించిన తరువాత, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఇసుక ఇనుము ప్రస్తావన అందులో ఉన్నది. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును కొలత ప్రకారం కలిపి, మట్టి మూసలలో పెట్టి మూతులు బిగించి, బొగ్గుల కొలిమిలో తిత్తులతో ఊదుతూ దాదాపు ఒక రోజంతా కాచే విధానం అందులో కనిపిస్తుంది. అన్నింటికంటే ముఖ్యమైన సంగతి, ఆ కొలిముల దగ్గర ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్ అనే వర్తకుడు ఉండి ఉక్కు కొనుగోలును స్వయంగా చూసుకుంటున్నాడని వాయిసీ రాశాడు. ఈ ఉక్కును తమ దేశంలో తయారుచేయాలని ప్రయత్నించి విఫలమయ్యామని ఆ వర్తకుడే చెప్పాడు.

ఆ ఊరి పరిసరాలలో చిట్టెం (ఇనుము తీయగా మిగిలిన వ్యర్థం) కుప్పలు, మూస పెంకులు ఇప్పటికీ కనిపిస్తాయి. విరిగిన పెంకు అంచును వెలుతురుకు పట్టి చూస్తే నల్లని మట్టిలో వరిపొట్టు కాలిన ఆనవాళ్లు సన్నగా, గింజ ఆకారంలోనే తెలుస్తాయి. మట్టిలో పొట్టు కలిపినందువల్లనే ఆ మూస అంతటి వేడికి పగలకుండా నిలబడింది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో క్షేత్ర పరిశీలన జరిపి, ఇనుము, ఉక్కు తీసిన స్థలాలను వందల సంఖ్యలో నమోదు చేశాయి. పొలంలో పండిన వరి పొట్టు, ఇసుకలోని ఇనుము, అడవి బొగ్గు, ఇస్ఫహాన్ డబ్బు ఒకే కొలిమి దగ్గర కలుసుకున్న సందర్భం ఇది. అక్కడ చెమటోడ్చిన కమ్మరుల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. ఆధారాలలో ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు పోయింది అన్నది కూడా చరిత్రకారుడు గమనించి రాయవలసిన విషయమే.

ఈ కథలో రెండవ సగం ఐరోపాలో జరిగింది. బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ పంపిన భారతీయ ఉక్కు ముద్దలను పరీక్షించి జార్జ్ పియర్సన్ 1795లో లండన్ రాయల్ సొసైటీలో ప్రసంగ పత్రం చదివాడు. లండన్‌లో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కు నాణ్యతను మెచ్చి వాడాడు. మైఖేల్ ఫారడే, విద్యుత్తులో పేరు పొందకముందు, 1819లో దీని విశ్లేషణను ప్రచురించి, తరువాత స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో ఇతర లోహాలు కలిపే ప్రయోగాలు చేశాడు. పారిస్‌లో బ్రెయాన్, రష్యాలోని ఉరల్ పర్వత ప్రాంతపు జ్లాతోఉస్త్‌లో పావెల్ అనోసోవ్ ఈ ఉక్కు తయారీ రహస్యం కోసం ఏళ్ల తరబడి శ్రమించారు. మిశ్రమ ఉక్కు శాస్త్రానికి దారితీసిన ప్రయోగాలలో ఇవి ముఖ్యమైనవి. జ్ఞానం ఐరోపాలో పుట్టి ఇక్కడికి వచ్చిందన్న మాటను ఎదుర్కొనడానికి దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

కానీ ఇక్కడే నిగ్రహం కావాలి. పశ్చిమాసియాలో పేరుపొందిన డమాస్కస్ కత్తులన్నీ మన ఊరి ఉక్కుతోనే చేశారని సభలలో చెప్పడం వింటుంటాను. మూస ఉక్కును కర్ణాటకలో, తమిళనాడులో, శ్రీలంకలో, మధ్య ఆసియాలో కూడా చేశారు. ఫారడే చేతికి వచ్చిన ముద్ద కోనసముద్రానిదే అనడానికి ఆధారం చూపలేము. గొప్ప కోసం ఆధారాన్ని సాగదీస్తే అసలు ప్రశ్న వెనక్కిపోతుంది. ఆ ప్రశ్న ఏమిటంటే, ఇంత ఆదరణ ఉన్న ఉత్పత్తి పంతొమ్మిదవ శతాబ్దంలోనే ఎందుకు అంతరించిందన్నది. ఇంగ్లండు నుంచి చౌకగా దిగిన ఉక్కు, 1856లో ఉక్కును చౌకగా, పెద్ద ఎత్తున తీసే బెస్సెమర్ పద్ధతి రావడం, కత్తులకు గిరాకీ పోవడం, బొగ్గులకు కావలసిన అడవి మీద ఆంక్షలు, ఇరాన్ వర్తక దారులు మారడం, వీటిలో దేని పాలు ఎంత అన్నది ఒక మంచి సిద్ధాంత గ్రంథానికి సరిపడే అంశం.

రెండవ ఉదాహరణ బొగ్గు, రైలు. వీటిని విడదీసి రాయకూడదు. 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలను గుర్తించాడు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా వరంగల్ జిల్లాలోనిదే. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి గని హక్కులు దక్కాయి. అదే ఏడాది సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైలు వచ్చింది, 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ రైలు కంపెనీ పెట్టుబడి లండన్ మదుపుదారులది. దానికి ఏటా నూటికి 5 చొప్పున వడ్డీ వచ్చేలా నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం వస్తే మదుపుదారుడిది, రాకపోతే లోటు పూడ్చేది ఖజానా. ఆ ఖజానా నిండేది ఎక్కువగా భూమి శిస్తుతో. కనుక వరంగల్ సుబాలో (నిజాం రాజ్యపు పాలనా విభాగంలో) శిస్తు కట్టిన రైతుకూ లండన్‌లో వడ్డీ తీసుకున్న వాటాదారుకూ మధ్య ఒక లెక్క నడిచింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ ఎరుగరు.

ఈ షరతుల మీద అప్పుడే హైదరాబాద్‌లో ఆందోళన రేగింది. చాందా (నేటి చంద్రపూర్) వైపు రైలు మార్గం ప్రతిపాదన మీద 1883లో పౌరులు సంఘంగా ఏర్పడి, ఒప్పందం వివరాలు బయటపెట్టాలని కోరారు. వారిలో ప్రముఖుడు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, నిజాం కళాశాలకు పునాది వేసిన విద్యావేత్త, సరోజినీ నాయుడి తండ్రి. ఈ ఆందోళన కారణంగా ఆయనను రాజ్యం నుంచి బహిష్కరించారు. బెంగాల్‌లో పుట్టి, స్కాట్లండులో చదివి, హైదరాబాద్‌లో పనిచేస్తూ లండన్ పెట్టుబడి షరతులను ప్రశ్నించి దేశబహిష్కరణకు గురైన ఈ వ్యక్తి జీవితం ఒక్కటే తీసుకున్నా మీ అంశం నిండుగా ఉంటుంది.

గని కంపెనీ వ్యవహారం ఇంకా తీవ్రంగా పరిణమించింది. పది లక్షల పౌండ్ల మూలధనంతో లండన్‌లో ఏర్పాటైన ఆ కంపెనీ వాటాలలో అత్యధిక భాగాన్ని హక్కులు పొందినవారే తమ పేర తీసుకున్నారని బయటపడడం, నిజాం ప్రభుత్వానికి ఆ వాటాలను అమ్మిన తీరు మీద ఆరోపణలు రావడంతో 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ ప్రత్యేక సంఘాన్ని వేసి విచారణ జరిపింది. ఇల్లెందు బొగ్గు గురించి వెస్ట్‌మినిస్టర్‌లో సాక్షులను ప్రశ్నించిన ఆ నివేదిక అచ్చులో ఉన్నది. ఇంగ్లీషు చదవగలిగినవారెవరికైనా అందుబాటులో ఉన్నది. అయినా మన విద్యార్థులు దాన్ని తెరిచి చూడకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ తరువాతి అడుగులు తెలిసినవే: 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా హైదరాబాద్ చట్టం కింద నమోదు, 1945లో హైదరాబాద్ రాజ్యం అధిక వాటాల కొనుగోలు, 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి ఢిల్లీ–మద్రాసు దారి మన జిల్లా మీదుగా తెరుచుకోవడం. ఇల్లెందు వాటాలు లండన్ నుంచి హైదరాబాద్ చేతికి రావడానికి దాదాపు 60 ఏళ్లు పట్టింది. ఆ 60 ఏళ్లలో నిర్ణయాలు ఎక్కడ జరిగాయి, కూలి రేటు ఎవరు నిర్ణయించారు, ప్రమాదాలలో పోయిన ప్రాణాలకు ఎవరు బాధ్యత వహించారు అని అడుగుతూ పోవాలి.

ఈ కాగితాలు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు చెబుతాను, ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ సరిగా దొరకవు. లెక్కలలో రూపాయి అని ఉంటే అది హాలీ (హైదరాబాద్ రాజ్యపు) రూపాయో కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయో ముందు తేల్చుకోవాలి. హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం ఉండేది. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు మారకం. రెండింటినీ కలిపి కూడితే మీ పట్టికలన్నీ తప్పుతాయి. అట్లాగే రాజ్యపు దస్తావేజుల మీద ఉండేది ఫస్లీ (శిస్తు లెక్కల) సంవత్సరం. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, కాని ఫస్లీ ఏడు అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి నెల చూడకుండా మార్చితే ఒక ఏడు తేడా పడుతుంది. సొంత నాణెం, సొంత పంచాంగం, సొంత కరోడ్‌గిరీ (సుంకం) నాకాలు ఉన్న రాజ్యం కనుక, బెజవాడ నుంచి మధిర వైపు వచ్చిన సరుకు కూడా ఒక సరిహద్దు దాటినట్టే లెక్క. నేటి పటాన్ని చూసి లోపలిది, బయటిది అని విభజించకూడదు.

వైద్య చరిత్రలో ఆసక్తి ఉంటే నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని తీసుకోండి. స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో మొదలుపెట్టిన ఈ ఆసుపత్రికి స్థానిక దాత రాజా నర్సాగౌడ్ అండగా నిలిచారు. ఛాల్‌మూగ్రా జాతి గింజల నూనెను కుష్ఠుకు మందుగా వాడడం ఈ గడ్డ మీద ఎంతో కాలంగా ఉన్న వైద్యం. దాన్ని సూది మందుగా ఎక్కించగలిగే రూపానికి తెచ్చిన రసాయన పరిశోధనలో ఒక కీలకమైన అడుగు 1915 ప్రాంతంలో హవాయి దీవులలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువతి వేసింది. ఇటువంటి చోట మిషనరీల ఉత్తరాలు, విరాళాల జాబితాలు, రోగుల నమోదు పుస్తకాలు మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే పూర్తి రూపం తెలుస్తుంది, మిషనరీల మాట ఒక్కటే వింటే రోగి కనిపించడు.

రాజకీయ చరిత్రలో ఉన్నవారు తెలంగాణ సాయుధ పోరాటాన్ని కేవలం స్థానిక భూపోరాటంగా రాస్తారు, లేదా మొత్తంగా బయటివారి ఆదేశాల ఫలితంగా రాస్తారు. రెండూ సరిపోవు. నల్లగొండ, వరంగల్ పల్లెలలో వెట్టికి, దొరల పెత్తనానికి ఎదురుతిరిగిన కోపం ఇక్కడిదే. అయితే 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులు మావో రచనలను ఆధారం చేసుకొని తమ పంథాను వాదించారు. 1951 తొలి నెలలలో కమ్యూనిస్టు నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ మాస్కో వెళ్లి స్టాలిన్‌తో చర్చించారు. అదే ఏడాది అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. ఇదే కాలంలో హైదరాబాద్ సమస్య 1948 సెప్టెంబరులో పారిస్‌లో సమావేశమైన ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకు వెళ్లింది. ఆ రోజులలోనే లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారిన సుమారు పది లక్షల పౌండ్ల నిజాం సొమ్ము మీద తగవు 2019 అక్టోబరులో ఇంగ్లండు హైకోర్టు తీర్పుతో తేలింది. అప్పటికి ఆ మొత్తం వడ్డీతో కలిపి 3.5 కోట్ల పౌండ్లకు చేరింది. పల్లెలో నాగలి పట్టినవాడి పోరాటానికీ, మాస్కో గదికీ, పారిస్ సభకూ మధ్య దారి ఎట్లా ఏర్పడిందో అడగడం వల్ల ఆ పల్లె త్యాగం చిన్నది కాదు.

మన కాలానికి వస్తే పత్తి. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన పంట అని, నేడు వరంగల్ చపాటా మిరపకు భౌగోళిక గుర్తింపు దక్కిందని, కొత్తవాడ జంపఖానాలకు 2018లోనే ఆ గుర్తింపు వచ్చిందని, వరంగల్ తివాచీలు 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో చూపరులను ఆకట్టుకున్నాయని మీకు తెలిసే ఉంటుంది. వాటి మీద వ్యాసాలు చాలానే ఉన్నాయి. పత్తి మీద రావలసినంత రాలేదు. 1997–98లో పురుగు పట్టి పంట పోయి, అప్పుల పాలై వరంగల్ జిల్లాలో రైతులు పురుగుమందు తాగి చనిపోయిన ఘోరాన్ని ఈ జిల్లాలో పెరిగిన ఎవరూ మరిచిపోలేరు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలోని ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చిన అమెరికా కంపెనీ, ఇక్కడి విత్తన కంపెనీల ద్వారా ప్రతి సంచి మీద సాంకేతిక రుసుము వసూలు చేసింది. 450 గ్రాముల సంచి ధర రూ. 1,600 దాటగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించిన తరువాత 2006లో ధర రూ. 750కి దిగింది. అదే కాలంలో అమెరికా తన పత్తి రైతులకు ఇస్తున్న రాయితీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి గెలిచింది. ఆ రాయితీలు ప్రపంచ ధరను అణిచివేశాయన్నదే వాదం. కనుక వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌లో రైతు తన బస్తాల పక్కన నిలబడి విన్న ధర వెనుక ఎన్ని నిర్ణయాలు, ఎన్ని దేశాలలో జరిగాయో వివరంగా రాయగలిగినవారు ఆ రైతుకు న్యాయం చేసినవారవుతారు.

ఇక గల్ఫ్. నన్నడిగితే ఉత్తర తెలంగాణ చరిత్రకారులు అన్నిటికన్నా ముందు రాయవలసింది ఇదే, ఎందుకంటే సాక్షులు ఇంకా మన మధ్య ఉన్నారు. 1973లో చమురు ధర పెరిగి అరబ్ దేశాలలో నిర్మాణాలు ఊపందుకున్న తరువాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల నుంచి వలస మొదలైంది. అయితే ఆ దారి అకస్మాత్తుగా పుట్టలేదు. అంతకు ముందే ఈ జిల్లాల చేనేత కుటుంబాలు భివండి, షోలాపూర్, బొంబాయి మరమగ్గాలకు వెళ్లి ఉండడం వల్ల, బొంబాయిలో ఉండే బంధువు, అక్కడి ఏజెంటు, అక్కడి గది అనే మూడు మెట్లు సిద్ధంగా ఉన్నాయి. దేశం లోపలి వలసకూ దేశం దాటిన వలసకూ మధ్య గోడ కట్టి రాస్తే ఈ విషయం మన చేతికి చిక్కదు.

చట్టం పక్కన 1983 వలస చట్టం, పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద వలస తనిఖీ అవసరమని ఉండే ముద్ర, గల్ఫ్‌లో యజమాని పేర కార్మికుణ్ణి కట్టివేసే కఫీల్ విధానం ఉన్నాయి. ప్రజల పక్కన ఆ చట్టాలకు సమాధానంగా పుట్టిన జీవితం ఉన్నది. ఆజాద్ వీసా (యజమాని పేరుకే ఉండి, పని బయట వెతుక్కునే వీసా) కోసం తీసుకున్న మిత్తి అప్పు, అకామా (నివాస అనుమతి) గడువు తీరిపోవడం, కంపెనీ వదిలి ఖల్లివెల్లి (చట్టబద్ధమైన కాగితాలు లేనివాడు) అయినవాడు ఎవరికీ కనబడకుండా చేసిన పని, 2007లోనూ 2018లోనూ ఐక్య అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం ప్రకటించిన క్షమాభిక్షలో తిరిగి వచ్చిన విమానం, ఇవన్నీ జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ వైపు ఏ ఊరికి వెళ్లినా వినబడతాయి. ఇళ్లలో అటక మీది ట్రంకు పెట్టెలలో 1980ల నాటి ఉత్తరాలు, మాటలు నింపి పంపిన టేపు క్యాసెట్లు, డ్రాఫ్టు రసీదులు ఇంకా ఉన్నాయి. చదువు రాని తల్లికి కొడుకు గొంతు వినిపించిన ఆ క్యాసెట్లు తేమకు పాడైపోతున్నాయి. వాటిని ఇప్పుడు నకలు తీయించకపోతే మరో పదేళ్లకు వాటి మీద పరిశోధన చేసే అవకాశమే ఉండదు. భర్త దూరదేశంలో ఉన్న ఇరవై ఏళ్లూ పొలం, అప్పు, పిల్లల పెళ్లిళ్లు ఒంటి చేత్తో నడిపిన స్త్రీల మాటలను కూడా నమోదు చేయండి. వలస చరిత్ర వెళ్లినవారిదే అనుకోవడం వల్ల సగం చరిత్ర పోతున్నది.

చివరిగా ఆధారాల సంగతి. లండన్ వెళ్లనక్కరలేదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులు ఉన్నాయి. 1880లలో అధికార భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది కాబట్టి, రైలు, బొగ్గు కాలపు కాగితాలకు ఉర్దూ చాలు. హనుమకొండలో ఉర్దూ చదవడం నేర్పగల పెద్దలు ఇప్పటికీ ఉన్నారు, ఏడాది శ్రద్ధగా కూర్చుంటే అచ్చు ఉర్దూ చదవగలుగుతారు. షికస్తా అనే గొలుసుకట్టు చేతిరాత రావడానికి ఇంకా సమయం పడుతుంది. రెసిడెన్సీకి (హైదరాబాద్‌లోని బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయానికి) సంబంధించిన చాలా ఫైళ్లను జాతీయ ఆర్కైవ్స్ తన అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే చూసేలా పెట్టింది. 1888 పార్లమెంటరీ నివేదిక, వాయిసీ వ్యాసం, 1921, 1931 హైదరాబాద్ జనగణన సంపుటాలు డిజిటల్ రూపంలో దొరుకుతాయి. ఒకే విషయం మీద రెండు వైపుల కాగితం దొరికే అంశాన్నే ఎంచుకోండి. కంపెనీ ఏమి రాసుకున్నది, రాజ్యం ఏమి రాసుకున్నది అని పోల్చి చూడగలిగినప్పుడే మీరు చెప్పేదానికి బలం వస్తుంది.

ఎం.ఏ. లఘు పరిశోధనకు ఉన్న సమయం కొద్దిది కనుక, అంశాన్ని ఇరుకుగా పెట్టుకోండి. 'తెలంగాణ, ప్రపంచీకరణ' వంటి శీర్షిక మీద ఎవరూ ఏమీ తేల్చలేరు. 1886 నుంచి 1888 దాకా ఇల్లెందు గని హక్కుల మీద నడిచిన వివాదం ఒకటి, లేదా జగిత్యాల జిల్లాలో మీకు చుట్టరికం ఉన్న ఒక ఊరి నుంచి 1975–1990 మధ్య గల్ఫ్ వెళ్లిన కుటుంబాల అప్పు లెక్కలు ఒకటి, ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా ఆరు నెలలలో పూర్తవుతుంది. మొదటిదానికి ఇంగ్లీషు కాగితం ఎక్కువ, రెండవదానికి తిరుగుడు ఎక్కువ. రెండవది ఎంచుకుంటే కుటుంబాల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, పేర్లు మార్చి రాయండి, ఇంకా తీరని అప్పుల వివరాలను ఎవరి పేరు మీదా అచ్చు వేయవద్దు. ఏది ఎంచుకున్నారో ఇక్కడే రాస్తే, ప్రశ్నావళి గానీ చదవవలసిన ఫైళ్ల వరుస గానీ తయారు చేయడంలో సాయం చేస్తాను.